పవర్ కన్వర్టర్‌లో బస్‌బార్లు, ట్రాకులు, తీగల మోడలింగ్: ఏ పద్ధతి ఎక్కడ సరిపోతుంది?

స్కీమాటిక్‌లో డీసీ లింక్ కెపాసిటర్‌ను స్విచ్‌తో కలిపే గీతకు విలువంటూ ఏమీ ఉండదు. బోర్డు మీదికి వచ్చేసరికి ఆ గీతే ఒక ఇండక్టర్, కొంత రెసిస్టర్, చుట్టూ ఉన్న లోహాలతో కలిసి కొంత కెపాసిటర్. ఒక సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ 100 ఆంపియర్లను 20 నానోసెకన్లలో ఆపేస్తోందనుకుందాం. అంటే నానోసెకనుకు 5 ఆంపియర్ల మార్పు. లూప్‌లో 20 నానోహెన్రీలు ఉంటే దాని మీద పుట్టే వోల్టేజీ 100. 800 వోల్టుల బస్ మీద 1200 వోల్టుల పరికరం పెట్టి 400 వోల్టుల వెసులుబాటు ఉందని నమ్ముకుంటే, అందులో పావు వంతు ఆ గీతకే పోయింది. ఆ 20 నానోహెన్రీలే పరికరపు 500 పికోఫారడ్ల అవుట్‌పుట్ కెపాసిటెన్స్‌తో కలిసి 50 మెగాహెర్ట్జ్ దగ్గర రింగవుతాయి (వోల్టేజీ ఊగిసలాడుతుంది), ఈఎంఐ (విద్యుదయస్కాంత జోక్యం) పరీక్షలో మళ్లీ ఎదురవుతాయి.

ఈ విలువను బోర్డు తయారు కాకముందే తెలుసుకోవడానికి దారులు చాలా ఉన్నాయి: చేతి సూత్రాలు, పీఈఈసీ (వాహకాన్ని సర్క్యూట్ ముక్కలుగా మార్చే పద్ధతి), ఫైనైట్ ఎలిమెంట్ (చుట్టూ ఉన్న గాలితో సహా అంతటినీ చిన్న ముక్కలుగా విడగొట్టే పద్ధతి), పూర్తి తరంగ సాల్వర్లు (తరంగ ప్రయాణాన్ని కూడా లెక్కించేవి). బోర్డు చేతికొచ్చాక కొలత కూడా ఉంది. తప్పు సాధారణంగా సాల్వర్‌లో ఉండదు, అడగని ప్రశ్నకు జవాబు లెక్కించడంలో ఉంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ పేరుతో కాక, కావలసిన సంఖ్య ఏమిటన్న దగ్గర ఎంపిక మొదలుపెట్టాలి.

ముందు ప్రశ్న తేల్చుకోండి

ఓవర్‌షూట్ (వోల్టేజీ హద్దు దాటి ఎగరడం), రింగింగ్ మీ బాధ అయితే కావలసింది ఒక్కటే: కెపాసిటర్, పై స్విచ్, కింది స్విచ్ కలిసి చేసే కమ్యుటేషన్ లూప్ ఇండక్టెన్స్, అదీ రింగింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గర. సమాంతరంగా పెట్టిన చిప్‌ల మధ్య కరెంట్ పంపకం బాధ అయితే ఒక్క సంఖ్య చాలదు. ప్రతి శాఖ ఇండక్టెన్స్, వాటి మధ్య మ్యూచువల్స్ (ఒకదాని కరెంట్ మారితే మరొకదానిలో వోల్టేజీ పుట్టించే ఉమ్మడి ఇండక్టెన్స్‌లు), గేట్ లూప్‌కూ పవర్ లూప్‌కూ ఉమ్మడిగా ఉన్న సోర్స్ ఇండక్టెన్స్, ఇవన్నీ ఉన్న మాట్రిక్స్ కావాలి. 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు కండక్టెడ్ నాయిస్ (తీగల గుండా పాకేది) అయితే ఇండక్టెన్స్‌తోపాటు భూమికి, హీట్‌సింక్‌కు ఉన్న కెపాసిటెన్స్‌లు తప్పవు. 30 మెగాహెర్ట్జ్ దాటిన రేడియేషన్ అయితే కేబుళ్లు, పెట్టె కూడా మోడల్‌లో భాగమే.

తర్వాత రెండు చిన్న లెక్కలు. మొదటిది, ఎంత ఫ్రీక్వెన్సీ దాకా చూడాలి? 0.35ను రైజ్ టైమ్‌తో భాగించండి. 10 నానోసెకన్లకు 35 మెగాహెర్ట్జ్ వస్తుంది. రింగింగ్ దానికంటే పైన ఉంటే అదే హద్దు. రెండోది, మీ వస్తువు తరంగదైర్ఘ్యంలో పదో వంతు కంటే చిన్నదా? 100 మెగాహెర్ట్జ్ దగ్గర గాలిలో తరంగదైర్ఘ్యం 3 మీటర్లు, గ్లాస్ ఎపాక్సీ బోర్డు లోపల సుమారు 1.4 మీటర్లు. కాబట్టి 14 సెంటీమీటర్ల పవర్ బోర్డుకు 100 మెగాహెర్ట్జ్ దాకా క్వాసీ స్టాటిక్ లెక్క, అంటే తరంగ ప్రయాణాన్ని వదిలేసి ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ విడివిడిగా తీసే లెక్క, హాయిగా నిలుస్తుంది. అదే డ్రైవ్‌కు తగిలించిన 10 మీటర్ల మోటార్ కేబుల్‌కు ఆ వెసులుబాటు కొన్ని మెగాహెర్ట్జ్ దగ్గరే అయిపోతుంది. కన్వర్టర్ పనిలో ఎక్కువ భాగానికి పూర్తి తరంగ సాల్వర్ అక్కర్లేదని చెప్పేది ఈ లెక్కే.

చేతి లెక్క: ఎవరూ దాటేయకూడని మెట్టు

ఎంత ఖరీదైన సాల్వర్ ఉన్నా ముందు కాగితం మీద ఒక అంచనా ఉండాలి. లేకపోతే సాల్వర్ ఇచ్చిన సంఖ్యలో పోర్ట్ (కరెంట్ లోపలికి, బయటికి వెళ్లే చోటు) తప్పు పెట్టిన సంగతి పసిగట్టలేరు.

ఒంటరి గుండ్రటి తీగకు: పొడవును మిల్లీమీటర్లలో తీసుకుని 0.2తో గుణించి, దాన్ని (రెండింతల పొడవును వ్యాసార్ధంతో భాగించగా వచ్చినదాని సహజ లాగరిథం నుంచి 0.75 తీసేసినదానితో) గుణిస్తే నానోహెన్రీలు వస్తాయి. 10 మిల్లీమీటర్ల పొడవు, 0.3 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బాండ్ వైర్‌కు ఇది 8.3 నానోహెన్రీలు. మిల్లీమీటరుకు దాదాపు ఒక నానోహెన్రీ అన్న వాడుక లెక్క ఇక్కడి నుంచే పుట్టింది. అది తిరుగు దారి దూరంగా ఉన్న ఒంటరి తీగకు మాత్రమే వర్తిస్తుంది. పల్చటి ఇన్సులేషన్ మీద పేర్చిన బస్‌బార్‌కు అదే లెక్క వాడితే జవాబు పదుల రెట్లు తప్పవచ్చు.

ఎదురెదురు పలకలకు: మ్యూ నాట్‌ను (శూన్యపు అయస్కాంత పారగమ్యతను) పొడవుతో, మధ్య దూరంతో గుణించి వెడల్పుతో భాగించండి. 100 మిల్లీమీటర్ల పొడవు, 50 మిల్లీమీటర్ల వెడల్పు, మధ్యలో 0.5 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ ఉన్న బస్‌బార్‌కు 1.26 నానోహెన్రీలు. ఒక మెలిక ఉంది. పలకల మందం చెరి ఒక మిల్లీమీటర్ అయితే, తక్కువ ఫ్రీక్వెన్సీలో కరెంట్ మందమంతా పరుచుకుంటుంది. అప్పుడు మధ్య దూరానికి ఒక్కో పలక మందంలో మూడో వంతు చొప్పున కలపాలి. 0.5 కాస్తా 1.17 మిల్లీమీటర్లవుతుంది, ఇండక్టెన్స్ 2.9 నానోహెన్రీలకు చేరుతుంది. ఒకే బస్‌బార్‌కు ఒకరు 1.3 అనీ మరొకరు 2.9 అనీ చెబితే ఇద్దరూ ఒప్పే కావచ్చు, ఫ్రీక్వెన్సీ చెప్పకపోవడమే తప్పు.

పలకల సూత్రం అంచుల దగ్గర విచ్చుకునే క్షేత్రాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకని ఆ మేరకు ఎక్కువే చూపుతుంది. వెడల్పు దూరానికి పదింతలుంటే 15 నుంచి 20 శాతం, నాలుగింతలే ఉంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. భద్రత వైపు తప్పడం కాబట్టి మొదటి అంచనాకు పనికొస్తుంది. ఉదాహరణకు 10 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల వెడల్పు దారికి తిరుగు కరెంట్‌ను 1.5 మిల్లీమీటర్ల కింద అవతలి పొరలో పంపితే సూత్రం 3.1 నానోహెన్రీలంటుంది. అదే తిరుగు దారిని 0.13 మిల్లీమీటర్ల దిగువన రెండో పొరలో పెడితే 0.27. పదింతల తేడా. గాలియం నైట్రైడ్ బోర్డులో లోపలి పొర ఎందుకంత విలువైనదో తేల్చడానికి ఈ ఒక్క గుణకారం చాలు, సిమ్యులేషన్ అక్కర్లేదు.

చేతి లెక్క ఓడిపోయేది మలుపుల దగ్గర, వయాల (పొరలను కలిపే రంధ్రాల) గుంపుల దగ్గర, బోల్టు రంధ్రాల చుట్టూ, పలక వెడల్పంతా కరెంట్ సమంగా పరుచుకోని చోట. బస్‌బార్‌లో 50 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నా కరెంట్ రెండు బోల్టుల దగ్గర్నుంచే ప్రవేశిస్తే, అక్కడి ఇరుకే మొత్తం విలువను శాసిస్తుంది.

పీఈఈసీ: కన్వర్టర్ పనికి మొదటి ఎంపిక

ఆల్బర్ట్ రూహ్లీ 1970ల మొదట్లో ఐబీఎంలో రూపొందించిన పద్ధతి ఇది. వాహకాన్ని చిన్న చిన్న కడ్డీలుగా చీల్చి, ప్రతి కడ్డీకి ఒక పాక్షిక ఇండక్టెన్స్ (లూప్‌లో ఆ ముక్కకు ఆపాదించే వాటా), ప్రతి జతకూ ఒక మ్యూచువల్, కావాలంటే ఉపరితలాల మధ్య కెపాసిటెన్స్ లెక్కించి, మొత్తాన్ని ఒక సర్క్యూట్‌గా మార్చేస్తుంది. గాలికి మెష్ అక్కర్లేదు. జవాబు నేరుగా స్పైస్‌లో (సర్క్యూట్ సిమ్యులేటర్‌లో) పెట్టుకునే రూపంలో వస్తుంది. సన్నని పొడవాటి రాగి, చుట్టూ ఖాళీ జాగా ఉండే కన్వర్టర్‌కు ఇంతకంటే ఒదిగిన పద్ధతి లేదు. ఎంఐటీలో 1990లలో వచ్చిన ఫాస్ట్‌హెన్రీ ఇదే దారిలో ఇండక్టెన్స్, రెసిస్టెన్స్ తీసే ఉచిత సాధనం. కెపాసిటెన్స్‌కు దాని తోడు ఫాస్ట్‌క్యాప్. వాణిజ్య సాధనాల్లో క్యూ3డీ ఎక్స్‌ట్రాక్టర్ కూడా క్వాసీ స్టాటిక్ కోవలోదే.

చీల్చే తీరులోనే నైపుణ్యం ఉంది. రాగిలో స్కిన్ డెప్త్ (కరెంట్ ఉపరితలం నుంచి లోపలికి చొచ్చుకుపోయే లోతు) 1 మెగాహెర్ట్జ్‌కు 66 మైక్రాన్లు, 10 మెగాహెర్ట్జ్‌కు 21 మైక్రాన్లు. 10 మిల్లీమీటర్ల వెడల్పు ట్రాక్‌ను 21 మైక్రాన్ల సమాన ముక్కలుగా కోస్తే అడ్డంగానే 480 దాకా వస్తాయి. అలా చేయకండి. అంచున 20 మైక్రాన్లతో మొదలుపెట్టి లోపలికి పోయేకొద్దీ రెట్టింపు చేసుకుంటూ పోతే 16 ముక్కలతో పని అయిపోతుంది. ఫాస్ట్‌హెన్రీలో ఈ నిష్పత్తిని నేరుగా ఇవ్వవచ్చు. 35 మైక్రాన్ల మందానికి రెండు మూడు పొరలు చాలు. ముక్కల సంఖ్యను రెట్టింపు చేసి మళ్లీ నడిపినప్పుడు ఇండక్టెన్స్ 2 శాతం లోపే మారితే ఆపేయండి. రెసిస్టెన్స్ స్థిరపడటానికి మాత్రం ఇంకా సన్నటి ముక్కలు కావాలి.

మెమరీ సంగతి మరిచిపోవద్దు. ప్రతి ముక్కా ప్రతి ముక్కతోనూ కలుస్తుంది కాబట్టి మాట్రిక్స్ నిండుగా ఉంటుంది. 20,000 ముక్కల మాట్రిక్స్‌ను నేరుగా దాచుకుంటే 6.4 గిగాబైట్లు. ఫాస్ట్‌హెన్రీ మల్టీపోల్ పద్ధతితో (దూరపు ముక్కలను గుంపుగా లెక్కించి) ఈ బరువును తగ్గిస్తుంది, అయినా పెద్ద గ్రౌండ్ ప్లేన్‌ను అతి సన్నటి గడులుగా కోస్తే ఏ యంత్రమైనా మొరాయిస్తుంది. ప్లేన్ గడులను కరెంట్ గుమిగూడే చోట సన్నగా, మిగతా చోట వెడల్పుగా ఉంచండి.

ఇక పాక్షిక ఇండక్టెన్స్. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక బస్‌బార్ పలక పాక్షిక ఇండక్టెన్స్ 60 నానోహెన్రీలని సాల్వర్ చూపితే అది బస్‌బార్ విలువ కాదు. తిరుగు పలకది మరో 60, మధ్య మ్యూచువల్ 54 అయితే లూప్ విలువ 120 నుంచి 108 పోగా 12. ఈ తీసివేతలో ఒక ప్రమాదం దాగుంది. మ్యూచువల్ 54కు బదులు 51 అని వస్తే, అంటే 6 శాతం కూడా తేడా లేకపోతే, లూప్ విలువ 18 అవుతుంది. ఆరు శాతం పొరపాటు యాభై శాతమై కూర్చుంది. అందుకని దగ్గర దగ్గర పలకలకు మాట్రిక్స్‌ను నాలుగైదు అంకెల కచ్చితత్వంతో ఉంచాలి, స్పైస్‌లోకి ఎక్కించేటప్పుడు కప్లింగ్ గుణకాన్ని ఒక్క దశాంశ అంకెకు కుదించకూడదు. కుదిస్తే విలువ చెడటం ఒకటి, మూడు నాలుగు వాహకాలున్న చోట మాట్రిక్స్ తన ధనాత్మకతను కోల్పోయి, సిమ్యులేషన్‌లో కరెంట్ ఎక్కడా లేని శక్తిని పుట్టించుకుంటూ ఆకాశానికి పోతుంది. అప్పుడు టైమ్ స్టెప్‌ను తగ్గించుకుంటూ కూర్చుంటే లాభం లేదు, అంకెలు వెనక్కి పెట్టాలి.

పాక్షిక విలువలను విడివిడిగా ఏ మీటర్‌తోనూ కొలవలేరు. కొలతకు దొరికేది లూప్ మాత్రమే. ఇద్దరి సాల్వర్ల ఫలితాలు పోల్చేటప్పుడు కూడా లూప్ విలువలనే పోల్చండి.

పీఈఈసీకి హద్దులున్నాయి. అయస్కాంత పదార్థం వస్తే మామూలు రూపం చేతులెత్తేస్తుంది. ఫెర్రైట్ కోర్, ఉక్కు బ్రాకెట్, కోవార్ కాళ్లు ఉన్నచోట దానిని నమ్మవద్దు. వంకర టింకర ఆకారాలు, పోత పోసిన హౌసింగ్‌లు కడ్డీలుగా విడగొట్టడం కూడా శ్రమే.

ఫైనైట్ ఎలిమెంట్: ఆకారం, పదార్థం మొండికేసినప్పుడు

చోక్‌లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఉక్కు ఉన్న అసెంబ్లీ, మందపాటి బేస్ ప్లేట్‌లో ఎడ్డీ కరెంట్లు (మారే క్షేత్రం వల్ల లోహంలో పుట్టే సుడి కరెంట్లు), ఇవి ఫైనైట్ ఎలిమెంట్ ఇలాకా. క్యాడ్ నుంచి నేరుగా ఆకారం తీసుకుంటుంది, ఉష్ణ లెక్కతో కలుపుకోవచ్చు. ధర మెష్‌లో చెల్లించాలి. స్కిన్ డెప్త్‌లో కనీసం రెండు మూడు ఎలిమెంట్లు కావాలి, పైగా చుట్టూ గాలినీ నింపాలి. గాలి పెట్టె వస్తువుకు మూడు నుంచి ఐదింతలు ఉండాలి. పెట్టె గోడ మరీ దగ్గరైతే అది అదృశ్య షీల్డ్‌లా పనిచేసి ఇండక్టెన్స్‌ను తగ్గించి చూపుతుంది. పెట్టెను ఒకటిన్నర రెట్లు పెంచి మళ్లీ నడపడమే దీనికి పరీక్ష.

1 మిల్లీమీటర్ బస్‌బార్‌ను 10 మెగాహెర్ట్జ్‌కు లోపలంతా మెష్ చేయడం దండగ. మందం స్కిన్ డెప్త్‌కు ఎన్నో రెట్లున్నప్పుడు సర్ఫేస్ ఇంపిడెన్స్ బౌండరీ (లోపలి ప్రభావాన్ని ఉపరితలానికే ఆపాదించే షరతు) వాడి లోపలిని వదిలేయండి. అయితే అదే సెట్టింగ్‌తో 10 కిలోహెర్ట్జ్‌కు వెళ్లకండి. అక్కడ స్కిన్ డెప్త్ 0.66 మిల్లీమీటర్లు, ఊహ కూలిపోతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీకి నిండు మెష్, ఎక్కువకు సర్ఫేస్ ఇంపిడెన్స్, రెండు పరుగులు విడిగా పెట్టుకోవడమే మేలు.

బేస్ ప్లేట్, హీట్‌సింక్‌ల మాట ప్రత్యేకంగా చెప్పాలి. అవి సర్క్యూట్‌లో లేవని మోడల్ నుంచి తీసేస్తారు. కానీ పైన పారే కరెంట్‌కు ఎదురుగా వాటిలో ఎడ్డీ కరెంట్లు పుట్టి లూప్ ఇండక్టెన్స్‌ను దించుతాయి. వాటిని వదిలేసిన మోడల్ కొలత కంటే ఎక్కువ చూపుతుంది. కొలతకూ లెక్కకూ పొంతన కుదరనప్పుడు మొదట వెతకాల్సిన చోట్లలో ఇదొకటి. పీఈఈసీలో కూడా ఈ పలకను ఒక ప్లేన్‌గా చేర్చవచ్చు.

ఎందుకో గానీ రెండు కొలతల (2డీ) ఫైనైట్ ఎలిమెంట్‌ను జనం చిన్నచూపు చూస్తారు. పొడవాటి బస్‌బార్, కేబుల్, ట్రాక్ జంటకు అడ్డుకోత ఒక్కటి గీస్తే మీటరుకు ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ నిమిషాల్లో వస్తాయి. ఇన్సులేషన్ మందం, వెడల్పు మార్చి పది రకాలు చూసి ఒకటి ఎంచుకోవడానికి మూడు కొలతల మోడల్ కంటే ఇదే నాకు నచ్చిన దారి.

పూర్తి తరంగ సాల్వర్లు: అరుదుగా

ఇవి కేబుల్‌తో సహా రేడియేషన్ చూడాల్సినప్పుడు, లేదా పెట్టె రెజొనెన్స్‌లు ప్రశ్న అయినప్పుడు వాడాలి. టైమ్ డొమైన్ ఎఫ్‌డీటీడీతో (క్షేత్రాన్ని కాలంలో అడుగడుగునా లెక్కించే పద్ధతితో) స్విచ్చింగ్ పీరియడ్ మొత్తం నడిపించాలనుకుంటే ఈ లెక్క చూడండి. 0.1 మిల్లీమీటర్ గడికి టైమ్ స్టెప్ 0.19 పికోసెకన్లను మించకూడదు. 100 కిలోహెర్ట్జ్ పీరియడ్ 10 మైక్రోసెకన్లు, అంటే 5 కోట్లకు పైగా అడుగులు. అందుకే ఫ్రీక్వెన్సీ డొమైన్‌లో పోర్టుల ఎస్ పారామీటర్లు (సంకేతం ఎంత దాటుతుందో, ఎంత తిరిగొస్తుందో చెప్పేవి) మాత్రం తీసి, స్విచ్చింగ్‌ను స్పైస్‌లో నడపాలి. లూప్ ఇండక్టెన్స్ కోసం పూర్తి తరంగ సాల్వర్ తెరవకండి. తక్కువ ఫ్రీక్వెన్సీలో చాలా సాల్వర్ల మాట్రిక్స్ బలహీనపడి, కిలోహెర్ట్జ్‌ల దగ్గర అర్థంలేని రెసిస్టెన్స్ ఇస్తుంది.

కెపాసిటెన్స్, ఫిల్టర్: ఇండక్టెన్స్ నీడలో మరిచిపోయేవి

స్విచ్ నోడ్ (రెండు స్విచ్‌లు కలిసే చోటు) రాగి 4 చదరపు సెంటీమీటర్లు ఉందనుకోండి, 0.38 మిల్లీమీటర్ల అల్యూమినా సబ్‌స్ట్రేట్ మీద. సమాంతర పలకల సూత్రంతో 91 పికోఫారడ్లు. నానోసెకనుకు 50 వోల్టుల ఎడ్జ్ వస్తే హీట్‌సింక్‌లోకి దాదాపు 4.6 ఆంపియర్ల కామన్ మోడ్ (భూమి గుండా తిరిగొచ్చే) పల్స్ పోతుంది. దీనికి సాల్వర్ అక్కర్లేదు, సబ్‌స్ట్రేట్ ఇంత పల్చగా ఉన్న చోట చేతి లెక్క బాగా నిలుస్తుంది. స్విచ్ నోడ్ రాగిని అవసరానికి మించి పరచవద్దని చెప్పేది ఈ సంఖ్యే. పలకకూ దూరపు పెట్టె గోడకూ మధ్య ఉండే రెండు మూడు పికోఫారడ్లకు మాత్రం ఫాస్ట్‌క్యాప్ లాంటిది కావాలి.

ఈఎంఐ ఫిల్టర్‌లో పీఈఈసీ ఇచ్చే లాభం మరెక్కడా రాదు. రెండు ఎక్స్ కెపాసిటర్లు (లైన్ల మధ్య పెట్టేవి), ఒక్కొక్కదాని స్వీయ ఇండక్టెన్స్ 15 నానోహెన్రీలు, మధ్యలో 10 మైక్రోహెన్రీల చోక్. 10 మెగాహెర్ట్జ్ దగ్గర కెపాసిటర్ ఇంపిడెన్స్ 0.94 ఓమ్, చోక్‌ది 628 ఓమ్‌లు. చోక్ స్వీయ కెపాసిటెన్స్‌ను పక్కన పెడితే, మొదటి కెపాసిటర్‌లోని కరెంట్ రెండోదాని మీద చూపే ట్రాన్స్‌ఫర్ ఇంపిడెన్స్ 1.4 మిల్లీఓమ్‌లు. ఇప్పుడు ఆ రెండు కెపాసిటర్లు పక్కపక్కన ఉండి వాటి లూపుల మధ్య మ్యూచువల్ అర నానోహెన్రీ ఉందనుకోండి. అది ఒక్కటే 31 మిల్లీఓమ్‌లు. చోక్‌ను దాటుకుని క్షేత్రం గుండా వచ్చే నాయిస్ 22 రెట్లు, అంటే 27 డెసిబెల్స్ ఎక్కువ. చోక్ విలువ పెంచినా ఏమీ మారదు. ఒక కెపాసిటర్‌ను 90 డిగ్రీలు తిప్పినా, దూరం జరిపినా మారుతుంది. ఏ దిశలో ఎంత జరపాలో చెప్పగలిగేది మ్యూచువల్ మాట్రిక్స్ మాత్రమే. కెపాసిటర్ లోపల కరెంట్ దారిని ఒక దీర్ఘచతురస్రపు లూప్‌గా గీస్తే మొదటి అంచనాకు సరిపోతుంది.

కొలత: పోటీదారు కాదు, న్యాయమూర్తి

బోర్డు ఉన్నప్పుడు ఇంపిడెన్స్ అనలైజర్‌తో లూప్ కొలవవచ్చు గానీ, 10 నానోహెన్రీలు 1 మెగాహెర్ట్జ్ దగ్గర 63 మిల్లీఓమ్‌లే. ఫిక్స్చర్ షార్ట్ సరిదిద్దకపోతే మీరు కొలిచేది ఫిక్స్చర్‌నే. నెట్‌వర్క్ అనలైజర్‌ను రెండు పోర్టుల షంట్ పద్ధతిలో వాడితే చిన్న ఇంపిడెన్స్‌లు మెరుగ్గా వస్తాయి.

పరికరాలు బిగించి ఉన్న బోర్డు మీద ఎక్కువ నమ్మదగినది అదనపు కెపాసిటర్ పద్ధతి. డబుల్ పల్స్ పరీక్షలో (స్విచ్‌కు రెండే పల్సులిచ్చి చూసే పరీక్షలో) రింగింగ్ ఫ్రీక్వెన్సీ చూడండి, ఉదాహరణకు 50 మెగాహెర్ట్జ్. రింగవుతున్న స్విచ్ డ్రెయిన్ సోర్స్ మధ్య 1.5 నానోఫారడ్ల సీ0జీ రకం సిరామిక్‌ను, కాళ్లు లేకుండా, సోల్డర్ చేసి అదే బస్ వోల్టేజీలో మళ్లీ చూడండి. ఫ్రీక్వెన్సీ 25కు పడితే, అంటే సగమైతే, అసలు కెపాసిటెన్స్ చేర్చినదాంట్లో మూడో వంతు, 500 పికోఫారడ్లు. దాన్నిబట్టి ఇండక్టెన్స్ 20 నానోహెన్రీలు. ఎక్స్7ఆర్ రకం వాడవద్దు, వోల్టేజీ పడగానే విలువ కరిగిపోతుంది. బస్ వోల్టేజీ మార్చవద్దు, పరికరపు కెపాసిటెన్స్ వోల్టేజీతో మారుతుంది.

ఇంకో దారి: స్విచ్ ఆన్ అవుతున్నప్పుడు కరెంట్ పెరిగే కాలంలో వోల్టేజీ మీద పడే మెట్టు. నానోసెకనుకు 3 ఆంపియర్ల వేగంలో 60 వోల్టుల మెట్టు ఉంటే 20 నానోహెన్రీలు. ఇందులో ప్రోబ్ కాళ్ల మధ్య, అంటే పరికరం లోపల ఉన్న భాగం లెక్కకు రాదు. కరెంట్ కొలిచే షంట్ తన ఇండక్టెన్స్‌ను లూప్‌కు జోడిస్తుంది. చాలా రొగోవ్‌స్కీ కాయిళ్లు కొన్ని పదుల మెగాహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. వోల్టేజీ ప్రోబ్‌కు 10 సెంటీమీటర్ల గ్రౌండ్ తీగ ఉంటే దాని సుమారు 100 నానోహెన్రీలు ప్రోబ్ 10 పికోఫారడ్లతో 160 మెగాహెర్ట్జ్ దగ్గర రింగవుతాయి. స్కోప్‌లో 160 కనిపిస్తే సర్క్యూట్‌ను అనుమానించే ముందు ఆ తీగ తీసి స్ప్రింగ్ గ్రౌండ్ పెట్టండి.

లెక్క కంటే కొలత ఎక్కువ వస్తే, మోడల్‌లో పరికరపు ప్యాకేజీ, కెపాసిటర్ లోపలి ఇండక్టెన్స్ ఉన్నాయా అని చూడండి. కెపాసిటర్ డేటాషీట్ విలువను గుడ్డిగా కలిపితే రెండుసార్లు లెక్కించే ప్రమాదమూ ఉంది. అది ఏ లూప్‌లో కొలిచారో దాన్నిబట్టి మారే సంఖ్య.

స్పైస్‌లోకి ఏ సంఖ్య ఎక్కించాలి

రింగింగ్ కోసం రింగింగ్ ఫ్రీక్వెన్సీ దగ్గరి ఇండక్టెన్స్, అక్కడి రెసిస్టెన్స్ తీసుకోండి. డీసీ రెసిస్టెన్స్ పెడితే సిమ్యులేషన్‌లో రింగింగ్ అసలు కంటే ఎక్కువసేపు మోగుతుంది, దాన్ని చూసి అక్కర్లేని స్నబ్బర్ (రింగింగ్‌ను అణచే సర్క్యూట్) పెడతారు. నష్టాలు, రింగింగ్ రెండూ ఒకే మోడల్‌లో కావాలంటే మూడు నాలుగు మెట్ల రెసిస్టర్ ఇండక్టర్ నిచ్చెన చాలు. పోర్టులు చాలా ఉంటే వెక్టర్ ఫిట్టింగ్ (ఫ్రీక్వెన్సీ ఫలితాలకు సరిపోయే సమీకరణం కుదర్చడం) వాడండి, కానీ పాసివిటీ (మోడల్ తనంతట శక్తిని పుట్టించకపోవడం) పరీక్షించకుండా సిమ్యులేషన్‌కు పంపవద్దు.

ఏ పనికి ఏది

బోర్డు మీద గాలియం నైట్రైడ్ హాఫ్ బ్రిడ్జ్: చేతి లెక్కతో పొరల దూరం ఖాయం చేసుకుని, వయాలతో సహా ఫాస్ట్‌హెన్రీలో ఒక పరుగు. లూప్ ఒకటి రెండు నానోహెన్రీలే కాబట్టి పరికరాన్ని ఒక చదునైన రాగి ముక్కగా మోడల్‌లో మూసి లూప్ పూర్తి చేయండి, పోర్ట్‌ను కెపాసిటర్ దగ్గర పెట్టండి.

సిలికాన్ కార్బైడ్ మాడ్యూల్, బస్‌బార్ ఇన్వర్టర్: పీఈఈసీ, బేస్ ప్లేట్‌తో సహా, పూర్తి మాట్రిక్స్. చిప్‌లు సమాంతరంగా ఉంటే ముందు కామన్ సోర్స్ విలువలు చూడండి. 5 నానోహెన్రీల ఉమ్మడి సోర్స్ దారిలో నానోసెకనుకు 2 ఆంపియర్లు మారితే 10 వోల్టులు గేట్‌కు ఎదురు నిలుస్తాయి. చిప్‌ల మధ్య ఒక నానోహెన్రీ తేడా ఉన్నా గేట్ దగ్గర 2 వోల్టుల తేడా వస్తుంది, కరెంట్ పంపకం చెడుతుంది. నాలుగు కాళ్ల ప్యాకేజీలో విడి కెల్విన్ సోర్స్ కాలు (గేట్ లూప్‌కు మాత్రమే వాడేది) పెట్టింది ఇందుకే.

నెమ్మదైన ఐజీబీటీ డ్రైవ్, ఎడ్జ్‌లు వంద నానోసెకన్ల పైన: బస్‌బార్‌కు పలకల సూత్రం, మాడ్యూల్‌కు డేటాషీట్ విలువ, ఒక డబుల్ పల్స్ పరీక్ష. అంతకు మించి సమయం పెట్టాల్సిన పని లేదు.

పొడవాటి కేబుల్ ఉన్న మోటార్ డ్రైవ్: అడ్డుకోతకు రెండు కొలతల ఫైనైట్ ఎలిమెంట్ చేసి మీటరు విలువలు తీసి, ట్రాన్స్‌మిషన్ లైన్ మోడల్. కేబుల్‌ను ఒకే ఇండక్టర్, ఒకే కెపాసిటర్‌గా పెడితే మోటార్ కొన దగ్గర రెట్టింపయ్యే వోల్టేజీ సరైన ఆకారంలో రాదు. కేబుల్‌ను పది ముక్కలుగా పెట్టినా, ఒక్కో ముక్కలో తరంగం ప్రయాణించే సమయం ఎడ్జ్ సమయంలో పదో వంతు కంటే తక్కువ ఉందో లేదో చూసుకోండి. మీటరుకు 6 నానోసెకన్ల ఆలస్యం ఉన్న 10 మీటర్ల కేబుల్, 50 నానోసెకన్ల ఎడ్జ్ అయితే ముక్క 0.8 మీటర్లు మించకూడదు, అంటే కనీసం 13 ముక్కలు.